చివర కూర్చున్న మనిషి

మొన్న ఆదివారం సాయంత్రం, మోకాళ్ళు వద్దు మొర్రో అంటున్నా వినకుండా, మా పక్కింటివాళ్ళ మనవరాలు పాడుతుందంటే ఇక్కడ భిలాయి నెహ్రూ నగర్‌లో జరిగిన కచేరీకి వెళ్ళాను. పిల్ల బుద్ధిమంతురాలు, శ్రుతి శుద్ధంగా ఉంది, ఎక్కడో మద్రాసులో ఉన్న గురువుగారి దగ్గర ఫోన్లోనే నేర్చుకుంటోందట. మైకును పెదవులకు ఆనించి పెట్టుకుని చంటిపిల్లకు కబుర్లు చెబుతున్నట్టు మెల్లగా పాడుతోంది, ఆ మెల్లని గొంతే హాలు నాలుగు మూలలా పెట్టిన డబ్బాల్లోంచి పెద్దగా వచ్చి మీద పడుతోంది. పల్లవి రెండోసారి అందుకుంటూండగా కరెంటు పోయింది. పాట ఆపేసిందనే అనుకున్నాను. ఆపలేదట, జనరేటరు వేసేదాకా పాడుతూనే ఉందట, రెండో వరుసలో కూర్చున్న నాకే వినబడలేదు. జనం ఎవరి ఫోన్లు వాళ్ళు తీసుకుని ఆ వెలుగులో ముఖాలు పెట్టుకున్నారు. నా వెనకాల ఒక చిన్నపిల్ల "నానీ, ఆవాజ్ హీ నహీ ఆ రహీ" అంటే, ఆ అమ్మమ్మ "కరెంటొస్తే గొంతు కూడా వొచ్చీస్తాది, ఉండు" అంది. ఇంకో రోజైతే ఆ మాటకు నవ్వేదాన్నే. ఆ చీకట్లో నాకు మా మేనత్త గుర్తొచ్చి నవ్వు రాలేదు, ఆ తర్వాత కచేరీ ఏం జరిగిందో కూడా నాకు సరిగా తెలియదు.

నా ఈడువాళ్ళకు చెప్పక్కర్లేదు గానీ, మైకు లేకుండా పాడడమనేది మా చిన్నప్పుడు ఒక విద్యలో విద్య. పాట రావడం వేరు, పాట చేరడం వేరు. పెళ్ళిపందిట్లో వంటవాళ్ళ కేకలూ పిల్లల ఏడుపులూ దాటుకుని చివర చాప మీద కూర్చున్న ముసలాయన దాకా మాట మాటగా చేర్చగలిగితేనే ఆవిడకు పాట వచ్చు అనేవారు, లేకపోతే కూనిరాగం అనేవారు. విజయనగరం నుంచి ఆ విద్యను భిలాయికి మోసుకొచ్చినవాళ్ళలో మా మేనత్త ఒకతె. మా నాన్నకు చెల్లెలు. నాన్న ముందు వచ్చి ఉక్కు ప్లాంటులో డ్రాయింగులు గీసే ఆఫీసులో చేరారు, తర్వాత చెల్లెలి మొగుణ్ణి, అంటే మా మావయ్యని, పిలిపించారు. మావయ్యకు రైలుపట్టాలు తయారుచేసే మిల్లులో పని దొరికింది. రెండు కుటుంబాలకూ సెక్టర్ 7లోనే ఒక వీధిలో క్వార్టర్లు వచ్చాయి, మధ్యలో రెండే ఇళ్ళు. అత్తకు పిల్లలు లేరు. అందుకని నేను పుట్టింది మా ఇంట్లోనే అయినా పెరిగింది ఎక్కువగా అత్త ఇంట్లోనే. మా అమ్మ దీనికి ఎప్పుడూ బాధపడలేదు, ఒక నోరు తగ్గింది కదా అని వేళాకోళం చేసేది.

అత్త సన్నగా, చామనఛాయగా, గట్టిగా గాలి వీస్తే పడిపోతుందేమో అన్నట్టు ఉండేది. ఆ ఒంట్లోంచి ఆ గొంతు ఎలా వచ్చేదో వీధిలో ఎవరికీ అంతుబట్టేది కాదు. మామూలుగా మాట్లాడితే పక్కనున్నవాళ్ళకే వినబడేది కాదు, పాడితే వీధి చివర మలుపు దాకా వినబడేది. అదీ అరిచినట్టు కాదు. దగ్గర కూర్చున్నవాళ్ళకు ఎంత మెత్తగా ఉండేదో దూరాన ఉన్నవాళ్ళకూ అంతే మెత్తగా ఉండేది. ఆవిడ గురువుగారు చెప్పిన సూత్రం ఒకటుంది, సభలో ముందున్నవాడు ఎలాగూ వింటాడు, నువ్వు చివర కూర్చున్న మనిషి కోసం పాడు అని. ఆయన సాధకం చేయించేటప్పుడు నిజంగానే ఒక మనిషిని దూరంగా కూర్చోబెట్టేవారట, ఆ మనిషికి మాట తెలిసిందంటేనే ఆ రోజుకి పాఠం అయినట్టు.

అత్త ఆ పద్ధతి వదలలేదు. వీధిలో మా తెలుగు పిల్లలం అయిదారుగురం సాయంత్రాలు ఆవిడ వరండాలో కూర్చునేవాళ్ళం. ముందు చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డు మీద నీళ్ళతో స్టీలు చెంబు పెట్టి, ఆ అంటూ అకారం పలికించేది. చెంబు పైకి లేచి మెల్లగా దిగాలి, ఒలికితే మళ్ళీ మొదటికి. గొంతు బొడ్డు దగ్గర పుట్టి నోట్లో ఎక్కడా ఆగకుండా బయటికి పోవాలనేది, మాట చివరి అక్షరం మింగేసిన పాట తోక తెగిన గాలిపటం అనేది. మాలో ఎవరైనా చేరట్లేదేమోనని గట్టిగా ఎత్తుకుంటే వెంటనే ఆపేది. "ఏటే ఆ అరుపు? సుపేలా బజార్లో వంకాయలమ్ముతన్నావేటి? అరిస్తే గొంతు పోద్ది గాని పాట దూరం పోదే" అనేది. తర్వాత వరండా అంచున నిలబడి పాడాలి. దూరంగా గేటు దగ్గర, జామచెట్టు పక్కన, ఇనప కుర్చీలో మా చివరి మనిషి కూర్చుని ఉండేవాడు. అది మా మావయ్య, మాట అందితే చెయ్యి ఎత్తేవాడు.

మావయ్య గురించి చెప్పాలంటే ముందు ఆయన మిల్లు గురించి చెప్పాలి. ఎర్రగా కాలిన పట్టాను రంపం కోస్తుంటే వచ్చే కీచు శబ్దం దగ్గర్లో నిలబడినవాడి పళ్ళు జివ్వుమనిపించేదట. అక్కడ మాటలతో పని జరగదు. పైన క్రేన్లో ఉన్నవాడికి కిందివాడు చేత్తో చెబుతాడు, ఎత్తు, దించు, ఆపు, పక్కకి జరుపు అన్నీ వేళ్ళతోనే. చెవుల్లో పెట్టుకోమని బిరడాలు ఇచ్చేవారు గానీ, అవి పెట్టుకుంటే క్రేన్ గంట వినబడదని మావయ్య జేబులోనే ఉంచుకునేవాడు. ఏళ్ళ తరబడి అలా పనిచేసినవాళ్ళు ఇంటికొచ్చినా చేతులతోనే మాట్లాడేవారు. మా మావయ్య వీధి అవతలివైపున్న స్నేహితుణ్ణి టీకి పిలవడానికి నోరు తెరిచేవాడు కాదు, రెండు వేళ్ళు ఎత్తి తిప్పేవాడు, ఆయన చెప్పులేసుకుని వచ్చేసేవాడు. ఎదుటివాడి పెదాలు చూసి మాట పట్టుకోవడంలో కూడా ఆయన గట్టివాడు. అందుకే ఆయనకు చెవుడు వస్తోందన్న సంగతి మాకు చాలాకాలం సరదాగానే ఉండేది. వెనకనుంచి పిలిస్తే పలకడు, ఎదురుగా వస్తే అన్నీ పలుకుతాడు అని అమ్మ ఏడిపించేది, వినాలనుకున్నదే వింటాడమ్మా మా బావగారు అని నాన్న వంత పాడేవారు.

కానీ పాట మాత్రం ఆయనకు వినబడుతుందని అత్త నమ్మకం, మా అందరి నమ్మకం కూడా. ఉదయం షిఫ్టు వారాల్లో ఆయన మధ్యాహ్నం వచ్చి, నిద్రపోయి లేచి, స్నానం చేసి, తెల్ల బనీనుతో ఆ ఇనప కుర్చీలో కూర్చునేవాడు. మా పాఠం అయ్యాక అత్త తన కోసం పాడుకునేది, నిజానికి ఆయన కోసం. వరండాలో మఠం వేసుకుని, కుడిచేత్తో తొడ మీద తాళం వేస్తూ పాడుతుంటే, ముంగిటికి ఆ చివర ఆయన చెయ్యి కూడా సరిగ్గా అదే తాళం వేసేది. సమానికి సమం, వేలికి వేలు. పాట మంచి చోటికి వచ్చినప్పుడు తల పంకించేవాడు, అయ్యాక ఒక మాట అనేవాడు, రోజూ అదే మాట. "ఈయేల గొంతు బాగా పలికిందే." ఆ మాట అనిపించుకున్నాక గానీ అత్త లేచి పొయ్యి వెలిగించేది కాదు. ఇద్దరి మధ్యా అంతకంటే ముద్దు మాటలు నేను వినలేదు. కచేరీలకని ఎవరూ పిలవని ఊళ్ళో, రేడియో వాళ్ళకి తెలియని గొంతుకి, ఆయనొక్కడే సభ.

ఎప్పుడు మొదలైందో చెప్పలేను గానీ, మావయ్య తాళం అప్పుడప్పుడు తప్పసాగింది. మేము పిల్లలం అత్త ముందునుంచి అటూ ఇటూ పరిగెత్తినప్పుడో, ఎవరైనా వచ్చి ఆవిడ ముందు నిలబడినప్పుడో, అవతల ఆయన చెయ్యి తడబడి ఆగిపోయేది. అత్త ముఖం అప్పుడు చూడాలి. తన గొంతు చేరలేదని అనుకునేది. చెవి మందగిస్తున్నకొద్దీ తానే ఇంకొంచెం దూరం పంపాలని, ఇంకొంచెం, ఇంకొంచెమని ఎత్తుకునేది. కాసేపటికి దారి తొలగి ఆయన చెయ్యి మళ్ళీ తాళంలో పడేది, హమ్మయ్య అందిందిలే అని ఆవిడ ఊరుకునేది. మరుసటి రోజు ఆ ఎత్తునే మొదలుపెట్టేది. మమ్మల్ని వంకాయలమ్ముతున్నారా అని తిట్టిన మనిషే ఏడాది తిరిగేసరికి అరుస్తోంది. పాట అయ్యాక గొంతు బొంగురుపోయి, రాత్రి అన్నం మింగడానికి కూడా నొప్పి అని మిరియాల కషాయం పెట్టుకుని తాగేది. అమ్మ ఊరికే ఉండలేక, ఎందుకొదినా ఆ అరుపు, ఆయన్ని దగ్గర కూర్చోమంటే పోలేదా అని అడిగింది. దగ్గర కూర్చుంటే ఇంకేం విద్య, అక్కడ కూర్చుని వినగలిగినంతకాలం అక్కడే కూర్చుంటారు అంది అత్త. ఆయన్ని దగ్గరికి రమ్మనడమంటే ఆయనకు చెవులు పోయాయని ఒప్పుకోవడమే అని ఆవిడ భయం. అది నాకు పెద్దయ్యాక అర్థమైంది.

ఆ ఏడు శ్రీరామనవమికి మా సెక్టరులో పందిరి వేశారు. అప్పటికే మైకు పెట్టారు. అత్తను పాడమన్నారు గానీ ఆవిడ మైకు పక్కకు జరిపించింది. నిర్వాహకులు బతిమాలారు, దీదీ ఇంతమంది ఉన్నారు అన్నారు. వినలేదు. మైకులో డబ్బా గొంతు వస్తుంది, అది ఆయన చెవికి ఎక్కదు అని మా అమ్మతో గొణిగింది. మావయ్య మామూలుగానే అందరికంటే వెనక, పందిరి చివరి గుంజ దగ్గర కూర్చున్నాడు, అది ఆయన స్థానం అన్నట్టు. పానకం గ్లాసులు పంచేవాళ్ళు తిరుగుతున్నారు, జనం లేస్తున్నారు, కూర్చుంటున్నారు, వాళ్ళ తలల మధ్యనుంచి ఆయన చెయ్యి కనిపిస్తూ మాయమవుతూ ఉంది. తాళం తప్పుతోంది. అత్త చూపు ఆ చేతి మీదే ఉంది. తోడి పాడుతోంది, అంత నిదానంగా పాడవలసిన రాగాన్ని పట్టుకుని తారస్థాయిలో ఒక్క మాట దగ్గర నిలబడి, మళ్ళీ మళ్ళీ, ఆ చెయ్యి కదలాలని ఎత్తుకుంటోంది. మూడోసారో నాలుగోసారో ఆ మాట సగంలో చిరిగిన గుడ్డలా బర్రుమంది. మళ్ళీ నోరు తెరిస్తే గాలి వచ్చింది గానీ గొంతు రాలేదు. ఎవరో గబగబా మైకు జరిపి భజన అందుకున్నారు. మావయ్యకు ఏం జరిగిందో తెలియక, పాట అయిపోయిందనుకుని, అక్కడినుంచే తల పంకించాడు.

ఆస్పత్రిలో డాక్టరు గొంతులోకి అద్దం పెట్టి చూసి, స్వరతంతువుల మీద గడ్డలు కట్టాయన్నాడు. "గానా బంద్, బిల్కుల్ బంద్" అన్నాడు. కొన్ని నెలలు గొంతుకు పూర్తిగా విశ్రాంతి ఇస్తే తిరిగి వస్తుంది, ఇలాగే పాడితే ఇక ఉండదు, అంత తెగేసి చెప్పాడు. అత్త బుద్ధిగా తల ఊపి వచ్చింది. కొద్ది రోజులు నోరు కట్టుకుంది కూడా. మావయ్య రోజూ స్నానం చేసి, తెల్ల బనీనుతో గేటు దగ్గర కూర్చుని ఎదురు చూసేవాడు.  చీకటి పడేదాకా కూర్చుని లేచిపోయేవాడు. ఆయనలా లేచిపోవడం చూడలేక అత్త మళ్ళీ మొదలుపెట్టింది. అమ్మ తిట్టింది, నాన్న కోప్పడ్డారు. "ఆయన కూకుంటన్నాడొదినా, ఏటి సెయ్యమంటావు" అని ఒక్క మాట అంది. గొంతు నిలవాలా, సాయంత్రం నిలవాలా అన్నదే ఆవిడ ముందున్న ప్రశ్న. ఆవిడ గొంతును వదులుకోవడానికి సిద్ధపడింది.

తర్వాత ఒక సాయంత్రం, ఎండలు ఇంకా తగ్గని రోజుల్లో, అత్త పాడుతుండగా వీధంతా కరెంటు పోయింది. వరండాలో బల్బు ఆరిపోవడంతో మేము కూర్చున్నచోట ఒకళ్ళ ముఖం ఒకళ్ళకి తెలియనంత చీకటి. గేటు దగ్గర మాత్రం ఆకాశం కింద ఇంకా కాస్త వెలుగుంది, పైగా ప్లాంటు వైపు కొలిమిలోంచి తీసిన మండే చిట్టెం, స్లాగు, పారబోస్తున్నట్టున్నారు, ఆ ఎరుపు మావయ్య బనీను మీద పడుతోంది. మాకు ఆయన కనిపిస్తున్నాడు. మేము ఆయనకు కనిపించడం లేదు. అత్తకు దగ్గు తెర వచ్చి పాట ఆగిపోయింది. దగ్గి దగ్గి, చెంబు కోసం తడుముకుని, నీళ్ళు తాగి, ఊపిరి తీసుకుని తల ఎత్తి చూసింది. మావయ్య చెయ్యి తాళం వేస్తూనే ఉంది. తల కూడా పంకిస్తున్నాడు, మంచి సంగతి ఏదో విన్నవాడిలా. మాలో ఒకమ్మాయికి నవ్వొచ్చింది, పాట లేకుండానే తాళమా అని కిసుక్కుమంది. అత్త ఆయన్ని పేరు పెట్టి పిలవదు కాబట్టి ఏవండీ అని పిలిచింది, రెండోసారి గట్టిగా పిలిచింది. ఆ చెయ్యి అలా పడుతూ లేస్తూనే ఉంది. 

ఆయనకు ఏమీ వినబడదని, ఏమీ వినబడక చాలాకాలమైందని ఆ చీకట్లో మాకందరికీ ఒక్కసారే తెలిసింది. క్రేన్ కింద నిలబడి వేళ్ళను చూసి పనిచేసిన మనిషి, ఇన్నాళ్ళూ ముంగిటికి అవతల కూర్చుని అత్త చేతిని చూసి తాళం వేశాడు. ఎవరైనా అడ్డొస్తే చెయ్యి కనిపించక తప్పిపోయాడు, ఇప్పుడు చీకట్లో పాట సాగుతూనే ఉందనుకుని అంతవరకూ వేసిన లెక్కనే పట్టుకుని పోతున్నాడు. అది గొంతు తప్పని ఆవిడ అనుకుంది. మా పరీక్షలూ అంతే, నోరు బాగా తెరిచి పాడిన పిల్లకు ఆయన చెయ్యి ఎత్తి అందిందనేవాడు, నేను ఎన్నిసార్లో అలా నెగ్గాను. తనకు వినబడడం లేదని తెలిస్తే అత్త పాడడం మానేస్తుందని ఆయన భయం. ఎవరి భయం వాళ్ళు దాచుకుని, ఒకరికోసం ఒకరు, ఆ బంగారంలాంటి గొంతును ఇద్దరూ కలిసి కాల్చేశారు. ఆ క్షణంలో ఇంతా నాకు తోచలేదు, ఏడుపు మాత్రం వచ్చింది. అత్త ఏడవలేదు. చీకట్లో కాసేపు ఆ చేతినే చూస్తూ కూర్చుని, తాళం సమానికి వచ్చేదాకా ఆగి, వదిలేసిన చరణాన్ని ఆ చేతి లెక్కకే అందుకుంది. ఆ రోజు ఎత్తుకోలేదు, మా పిల్లలకు మాత్రమే వినబడేటంత చిన్నగా పాడి ముగించింది. కరెంటు వచ్చింది. మావయ్య తన మాట తాను అన్నాడు.

ఇక ఆవిడ పాడనక్కర్లేదని అమ్మ సంతోషించింది. మనకు తెలిసిపోయిందని ఆయనతో చెప్పెయ్యమంది, ఇద్దరికీ బరువు దిగుతుందంది. అత్త ఒప్పుకోలేదు. మరుసటి రోజు సాయంత్రం ఎప్పటిలాగే మఠం వేసుకుని కూర్చుంది. చెయ్యి తాళం వేసింది, పెదాలు కదిలాయి, కనుబొమలు లేచాయి, తల ఊగింది, గొంతు మాత్రం రాలేదు. డాక్టరు చెప్పినట్టు గొంతుకు విశ్రాంతి, మావయ్యకు ఆయన సాయంత్రం. రెండూ నిలబెట్టే ఉపాయం దొరికిందని నేను లోపల ఎంత సంబరపడ్డానో. పక్షులు గూళ్ళకు చేరుతున్న చప్పుడు, ఎవరింట్లోనో కుక్కరు ఈల, ఇంతే వినబడుతున్నాయి, ముంగిటికి ఇటూ అటూ రెండు చేతులు ఒకే తాళం వేస్తున్నాయి. పాట వినబడక ఎదురింటి బిహారీ ఆవిడ గుమ్మంలోకి వచ్చి, "దీదీ, ఆజ్ గానా నహీ హోగా క్యా?" అని అడిగింది. అత్త తాళం ఆపలేదు. పాట చివరికి వచ్చింది, చెయ్యి ఆగింది. గేటు దగ్గరనుంచి మావయ్య, రోజూ అన్నట్టే, నిండుగా నవ్వుతూ అన్నాడు.

"ఈయేల గొంతు బాగా పలికిందే."

అత్త లేచి లోపలికి వెళ్ళి వంటింట్లో గోడకు ఆనుకుని ఏడ్చింది. శబ్దం రాకుండా అంతసేపు ఏడ్చిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. అమ్మను పిలుచుకొచ్చాను. ఎందుకే ఏడుపు, బాగానే జరిగిపోయింది కదా అని అమ్మ అంటే, అప్పుడు అత్త అన్న మాట ఇన్నేళ్ళకూ నా చెవిలో ఉంది. "ఆ మడిసి నోట అబద్దం ఆడించీసినాను వొదినా. ఇన్నాళ్ళూ ఆయనకి ఇనపడకపోయినా ఆ మాట నిజమే. నాను పాడేదాన్ని, బాగానే పాడేదాన్ని. ఈయేలే అది అబద్దమైపోనాది."

ఆ మరునాటినుంచి ఆవిడ గొంతెత్తి పాడింది. అరవలేదు, అరవవలసిన పని తీరిపోయింది, ఆయన చెవికి చేర్చక్కర్లేదు కదా. గురువుగారు నేర్పినట్టు, బొడ్డు దగ్గర పుట్టిన గొంతుతో, మాట చివరి అక్షరం మింగకుండా, గేటు దాటి వీధి మలుపు దాకా పంపుతూ పాడింది. నేను విన్న పాటల్లో అంత మంచి పాట మళ్ళీ వినలేదు. అప్పటికే చెడిన గొంతు ఎంతకాలం తట్టుకుంటుంది. వానాకాలం గడిచేసరికి పైస్థాయి పోయింది, దసరాకి మధ్యస్థాయి పోయింది, దీపావళి తర్వాత మాట కూడా గుసగుసే అయింది. మావయ్య ఉద్యోగం విరమించాక ఎక్కువకాలం లేడు. పోయేదాకా నిజం మాకు తెలుసని మేము ఆయనకు చెప్పలేదు, తనకు వినబడదని ఆయనా చెప్పలేదు. అత్త మరి కొంతకాలం మాతోనే ఉండి, మా ఇంట్లోనే పోయింది. అప్పటికి ఆవిడ ఒకప్పుడు పాడేదంటే వీధిలో కొత్తగా వచ్చినవాళ్ళు మర్యాదకి నమ్మేవారు.

చాలా ఏళ్ళు నాకు ఆవిడ మీద కోపం ఉండేది. మొగుడి ఒక్క మాట కోసం గొంతు పాడుచేసుకున్న పిచ్చిది అనుకునేదాన్ని. అందుకే నేను మొదటినుంచీ మైకు పక్షమే. రాయపూర్ రేడియోలో పాడాను, సంఘాల సభల్లో పాడాను, పెళ్ళిళ్ళలో పాడాను, ఎక్కడికి వెళ్ళినా ముందు మైకు సరిచూసుకునేదాన్ని. ఈ వయసులో కూడా నా గొంతు నిలిచిందంటే అది మైకు పెట్టిన భిక్షే, దాన్ని తిట్టుకుంటే కళ్ళు పోతాయి. ఇప్పుడు చెవుడుకీ చిన్న మిషన్లు వచ్చాయి, ఎంత మెల్లగా పాడినా ఎంత దూరానికైనా చేరుతుంది, అమెరికాలో ఉన్నవాళ్ళు కూడా ఫోన్లో వింటారు. మావయ్యకు అలాంటి మిషను ఒకటి ఉండి ఉంటే ఇద్దరూ హాయిగా ఉండేవారు కదా అని ఎన్నిసార్లు అనుకున్నానో. ఈ పిల్లలు మా కష్టాలు పడక్కర్లేదు, పడకూడదు కూడా. కానీ మొన్న ఇంటికొచ్చి పడుకున్నాక నిద్ర పట్టలేదు. నా శ్రోతలందరినీ ఒక్కొక్కళ్ళనే గుర్తుచేసుకున్నాను. మా ఆయన మంచివాడే, ప్రతి కచేరీకి వచ్చి ముందు వరుసలో కూర్చునేవాడు, బాగుందనేవాడు. చప్పట్లు కొట్టినవాళ్ళున్నారు, శాలువాలు కప్పినవాళ్ళున్నారు. గొంతు పోతే పోనీ, ఈ మనిషి కోసం ఈ సాయంత్రం పాడి తీరాలి అనుకుని నేను నోరు తెరిచిన రోజు మాత్రం, ఎంత వెతికినా, ఒక్కటీ దొరకలేదు.